డబుల్ స్టాండు తీసేసింది ఎవరి కోసం?

కొత్త బండి కొనేవారు మైలేజీ అడుగుతారు, నెల కిస్తు ఎంతో అడుగుతారు, రంగు రెండుసార్లు చూసుకుంటారు. డబుల్ స్టాండు ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. చైనుకు మొదటిసారి నూనె వేయాల్సిన రోజున గానీ ఆ లోటు తెలియదు. సైడు స్టాండు బండిని నిలబెడుతుంది తప్ప చక్రాన్ని నేల నుంచి లేపదు. చక్రం లేవకపోతే దాన్ని ఉన్నచోటే తిప్పలేం. తిప్పలేకపోతే చైను సాంతం శుభ్రపడదు, ఎక్కడ బిగిసిందో ఎక్కడ వదులైందో తెలియదు, టైరులో దిగిన మేకు కంటపడదు. ఇంటి దగ్గర మోటారు సైకిలును ప్రమాదం లేకుండా ఎత్తడానికి ఇన్నేళ్లలో డబుల్ స్టాండును మించిన సాధనం సామాన్యుడి చేతికి రాలేదు. అలాంటిదాన్ని కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లలో తీసేశాయి, మరికొన్నిటికి డబ్బు కడితే బిగించే అదనపు సామానుగా మార్చాయి. రోజువారీ పనికి కొనే ప్రతి బండికీ దాన్ని చట్టమే తప్పనిసరి చేయాలి.

ఈ మాట హైదరాబాద్‌లో కన్నా జైనూర్‌లో బాగా అర్థమవుతుంది. 2016లో ఆదిలాబాద్ జిల్లా విడిపోయాక ఈ మండలం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసు పని ఉంటే ఉట్నూరుకు, కలెక్టరేటు పని ఉంటే కెరమెరి ఘాటు దిగి ఆసిఫాబాదుకు పోవాలి. లోపలి గూడేల నుంచి ఈ రెండు దారుల్లో దేన్ని అందుకోవాలన్నా ముందు మట్టిబాట దాటాలి. బడికి పోయే పంతులు, పత్తి చేనుకు మందు మోసే రైతు, అంగడికి కూరగాయలు తెచ్చే మనిషి, పురిటి నొప్పుల సమయంలో ఆశా కార్యకర్త, అందరికీ దిక్కు బండే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో గిరిజన ప్రాంతాల కోసం బైకులనే ఫీడర్ అంబులెన్సులుగా దింపిందంటే, అలాంటి దారుల్లో నాలుగు చక్రాల కన్నా రెండు చక్రాలే ముందు చేరతాయని ఒప్పుకున్నట్టే. మరి అంత బరువు మోసే బండికి ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద చైను నిండా పడతాయి. చైనును శుభ్రం చేసి నూనె వేయడానికి కంపెనీల చేతిపుస్తకాలు సాధారణంగా చెప్పే గడువు 500 నుంచి 1000 కిలోమీటర్లు. ఈ దారుల్లో తిరిగే బండికి అది ఇంకా ముందే కావాలి. ప్రతిసారీ షోరూముకు పోవాలంటే ఆ పూట కూలి పోయినట్టే. కాబట్టి ఆ పని వాకిట్లోనే జరుగుతుంది, జరగక తప్పదు.

స్టాండు లేనప్పుడు జనం చేసే పనులు కొన్ని మనం రోజూ చూసేవే. ఒకరు హ్యాండిలు, వెనక పట్టీ పట్టుకుని బండిని సైడు స్టాండు మీదికి వంచి చక్రం లేపుతారు, ఇంకొకరు కింద కూర్చుని చైను తుడుస్తారు. బండి బరువు, దాన్ని వంచుతున్న మనిషి బలం, రెండూ ఆ క్షణంలో ఒక్క కాలు మీద, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ఒక్క బోల్టు మీద పడతాయి. సైడు స్టాండు నిలిచి ఉన్న బండిని ఆపడానికి చేసిందే తప్ప ఎత్తి పట్టడానికి చేసింది కాదు. వంచిన మనిషి చెయ్యి జారితే కింద కూర్చున్నవారి మీద పడేది వంద కిలోలు దాటిన ఇనుము. స్ప్లెండర్ లాంటి తేలికపాటి బండే 110 కిలోలకు పైన ఉంటుంది, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. మరికొందరు ఇంజను కింద ఇటుకలు పేరుస్తారు, లేదా బండరాయి దొర్లించి పెడతారు. ఇటుక పైనుంచి నెమ్మదిగా పడే బరువుకు ఆగుతుంది గానీ, నట్టు విప్పడానికి పానా మీద ఒక్కసారి బలం వేస్తే పక్కకు జరిగిపోతుంది, పగిలినా పగులుతుంది. పైగా ఇంజను అడుగుభాగం అల్యూమినియం పోత. ఆయిలు వదిలే బోల్టు ఉండేదీ అక్కడే. దాని మీద రాయి మోపితే చైనుకు వేసే నూనె ఖర్చు మిగలడం మాట అటుంచి ఇంజను కేసుకే చిల్లు పడవచ్చు. ఇక బండిని పక్కకు పడుకోబెట్టే పద్ధతి అన్నిటికన్నా చెడ్డది. ట్యాంకు మూత నుంచి, కార్బురేటరు ఉన్న పాత బండ్లలో అయితే దాని గొట్టం నుంచి కూడా పెట్రోలు కారుతుంది. పాతకాలపు బ్యాటరీలో యాసిడు ఒలుకుతుంది. వాకిట్లో కట్టెల పొయ్యి వెలుగుతున్న ఇంట్లో ఇది ఎంతకు దారితీస్తుందో ఊహించడం కష్టం కాదు.

డబుల్ స్టాండు ఈ చిక్కులన్నిటినీ ఒక మీటతో తీరుస్తుంది. చాలామంది దాన్ని తప్పుగా వేస్తారు గనకనే బరువనీ, నడుం నొప్పనీ భయపడతారు. బండిని చేతులతో ఎత్తాలనుకోవడమే అసలు పొరపాటు. గేరు న్యూట్రల్‌లో ఉంచి బండికి ఎడమ పక్కన నిలబడి, ఎడమ చేత్తో హ్యాండిలు, కుడి చేత్తో సీటు పక్కనున్న పట్టీ పట్టుకోవాలి. కుడికాలితో స్టాండును దించి దాని రెండు కాళ్లూ నేలను సమంగా తాకేదాకా బండిని నిటారుగా సరిచూసుకోవాలి. ఆ తర్వాత ఒంటి బరువంతా స్టాండు మీట మీద మోపి నిలబడితే బండి తనంతట తాను వెనక్కి జరుగుతూ పైకి లేస్తుంది. కుడి చెయ్యి దారి చూపితే చాలు. యాభై కిలోల మనిషి వంద కిలోల బండిని లేపగలగడం ఆ మీట పొడవు వల్ల వచ్చే బలమే. ఆడవాళ్లకు ఇది చేతకాదనే మాట కూడా చేతులతో ఎత్తాలనుకునే చోటే పుట్టింది.

నల్లరేగడి నేలలో మాత్రం ఒక జాగ్రత్త అదనంగా కావాలి. వానలు పడ్డాక ఆ మట్టి మెత్తబడి స్టాండు కాళ్లను మింగుతుంది, ఒక కాలు దిగి ఇంకొకటి దిగకపోతే బండి ఒరుగుతుంది. రెండు కాళ్ల కిందా పట్టేంత ఒక్క వెడల్పాటి చెక్క వేస్తే బరువు పరుచుకుంటుంది. రెండు వేర్వేరు ముక్కలు వేస్తే మళ్లీ అదే చిక్కు. చాలా బండ్లు డబుల్ స్టాండు మీద ముందు చక్రం నేలకు ఆనించి, వెనక చక్రం గాలిలో ఉంచి నిలుస్తాయి. ముందుకు తోస్తే స్టాండు మడుచుకుని బండి దిగిపోతుంది, పని మధ్యలో కుర్రవాడెవడైనా సరదాగా తోసినా అంతే. అందుకే ముందు బ్రేకు లీవరును హ్యాండిలుకు పాత ట్యూబు రబ్బరుతో బిగించి కట్టాలి. సైడు స్టాండును కూడా దించి ఉంచితే ఎడమకు ఒరిగినప్పుడు ఆపుగా పనికొస్తుంది. ముందు చక్రం విప్పాలంటే డబుల్ స్టాండు ఒక్కటే చాలదు. ఇంజను బోల్టుకు తగలకుండా ఫ్రేము గొట్టాల కింద కదలని దిమ్మె పెట్టాలి. దాన్ని ఇంట్లో ఒక్కరే చేయకపోవడమే మంచిది.

ఎత్తిన తర్వాత జరిగే ప్రమాదం ఎత్తేటప్పుడు జరిగేదానికన్నా ఘోరం. చైను త్వరగా శుభ్రపడుతుందని ఇంజను స్టార్టు చేసి, మొదటి గేరు వేసి, తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టేవాళ్లున్నారు. గుడ్డ కొస పళ్ల చక్రంలో చిక్కితే దాని వెంట వేళ్లు పోతాయి. చైనులో నలిగి తెగిన వేళ్ల కేసులు చేతి శస్త్రచికిత్స వైద్యులకు కొత్తవి కావు. తాళంచెవి తీసి జేబులో వేసుకుని, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ నూనె వేస్తే పట్టే సమయం పది నిమిషాలు. ఇంకో విషయం కూడా చూడాలి. పాత తరహా వంద సీసీ బండ్లకు చైను నిండా రేకు మూత ఉంటుంది, దుమ్ము తక్కువ చేరుతుంది, వాటికి డబుల్ స్టాండూ ఉంటుంది. కుర్రకారు కోసం చేసే స్పోర్ట్స్ మోడళ్లలో చైను బయటికే ఉంటుంది, తరచుగా శుభ్రం చేయక తప్పదు, కానీ డబుల్ స్టాండు లేనివి ఎక్కువగా అవే. ఎత్తాల్సిన అవసరం ఎక్కువున్న బండికే ఎత్తే సాధనం లేకపోవడం కంపెనీల లెక్కల్లో మాత్రమే సబబు.

మెకానిక్కులు ఉండగా ఇదంతా ఎందుకనే మాట మొదట వస్తుంది. రోడ్డు పక్క షెడ్లలో చాలావాటికి హైడ్రాలిక్ లిఫ్టు లేదు. అక్కడ పనిచేసే కుర్రాడు కూడా డబుల్ స్టాండు మీదే ఆధారపడతాడు, లేని బండి వస్తే అదే రాయి, అదే ఇటుక. ఇంటివాడికన్నా వాడు ఆ ప్రమాదాన్ని రోజుకు ఎక్కువసార్లు ఎదుర్కొంటాడు. వెనక చక్రాన్ని లేపే విడి సాధనం, ప్యాడాక్ స్టాండు, కొనుక్కోవచ్చు కదా అనేది రెండో మాట. గట్టి సిమెంటు గచ్చు మీద అది మంచి సాధనమే, కాదనను. కానీ దానికి సమతలం కావాలి, చాలా రకాలకు వెనక ఫోర్కుకు బిగించే బొడిపెలు కావాలి, మట్టి వాకిట్లో దాని చిన్న చక్రాలు కూరుకుపోతాయి. దారిలో పంచరైతే అది ఇంట్లోనే ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాయి, చక్రం విప్పే పనే లేదని కూడా అంటారు. ట్యూబ్‌లెస్ టైరుకూ మేకు ఎక్కడ దిగిందో చూడాలంటే చక్రం తిప్పాలి, చైను సంగతి ఎటూ మారదు.

కంపెనీల తరఫు వాదనలో కొంత బలం ఉంది. డబుల్ స్టాండు రెండు మూడు కిలోల బరువు చేరుస్తుంది. మలుపుల్లో బాగా వంగే పెద్ద బండ్లలో అది నేలకు తగిలే ప్రమాదం ఉంది. సైలెన్సరు డబ్బా ఇంజను కిందే ఉండే మోడళ్లలో దానికి చోటే ఉండదు. రేసు బండ్ల తీరున చేసినవాటికి ఈ కారణాలు చెల్లుతాయి. పంతులు గారిని, కూరగాయల సంచీలను మోసే 125, 150 సీసీ బండ్లకు చెల్లవు. ఘాటు రోడ్డు మలుపులో ఇద్దరిని, ఒక బస్తాను మోస్తూ పోయే బండి రేసు ట్రాకు మీదలాగా వంగదు. ధర మాటకొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇంత తగ్గిన ధరలో ఒక ఇనుప స్టాండు ఇముడుతుంది.

ప్రభుత్వం ఇలాంటి విషయాల్లో తలదూర్చకూడదనేవాళ్లు మోటారు వాహనాల నిబంధనలు ఒకసారి చూడాలి. వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, వెనక చక్రంలో బట్టలు చిక్కకుండా సగం చక్రాన్ని కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతుంది. మనం చీర గార్డు అనేది అదే. 2017 ఏప్రిల్ నుంచి పగలు కూడా హెడ్‌లైటు దానంతట అదే వెలిగేలా చేశారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, లోపువాటికి కంబైండ్ బ్రేకులు తప్పనిసరి చేశారు. ప్రతిసారీ ధర పెరుగుతుందన్న గోల వచ్చింది, ప్రతిసారీ అమ్మకాలు సాగాయి. రోడ్డు మీద మనిషిని కాపాడే నియమాలు చేసిన చేతులే బండి ఆగి ఉన్నప్పుడు దాని కింద కూర్చునే మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

గోండు గూడేల్లో ఎద్దుల బండే దిక్కయిన కాలంలో ఇరుసుకు కందెన పెట్టే ముందు బండిని ఎత్తి ఆపు కట్టేవారు. బజాజ్ చేతక్ 1972లో మార్కెట్లోకి వచ్చినప్పుడు స్కూటరుకు ఉన్న స్టాండు మధ్యదే. స్టెప్నీ మార్చుకోవడం వచ్చిన తరం దాని మీదే నేర్చుకుంది. వాహనాన్ని ఎత్తి పనిచేసుకునే హక్కు కొత్తగా అడుగుతున్నది కాదు, ఇటీవలే జారిపోయినది.

123వ నియమానికి కలపాల్సిన మాట చిన్నదే: 200 సీసీ లోపు ప్రతి మోటారు సైకిలుకూ రెండు కాళ్ల మధ్య స్టాండు ఉండాలి, నిర్మాణం వల్ల కుదరని మోడలైతే కంపెనీయే బొడిపెలు బిగించి, ప్యాడాక్ స్టాండును అదే ధరలో ఇవ్వాలి. స్టాండు కాళ్ల పాదం మెత్తటి నేలలో దిగనంత వెడల్పు ఎంత ఉండాలో కూడా ప్రమాణాల్లో రాయాలి. ఆ అంకె తేల్చే పరీక్షను పరీక్షశాల గచ్చు మీద కాకుండా తడిసిన నల్లరేగడిలో చేయాలి. అప్పటిదాకా షోరూములు బిల్లు రాసేటప్పుడు డబుల్ స్టాండు ఉందో లేదో, విడిగా దొరికితే ధరెంతో మైలేజీ పక్కనే రాసి చూపాలి.