గ్రామవాసుల వృత్తుల నమోదు గురించి ఉద్దానం ప్రాంతపు గ్రామసభ తీర్మానం

విషయం: గ్రామ ప్రజలు ఏయే పరిశ్రమల్లో, ఏయే పనుల్లో ఉన్నారో పంచాయతీ తరఫున పుస్తకం తెరిచి నమోదు చేయడం గురించి.

సర్పంచ్ గారి అధ్యక్షతన పంచాయతీ కార్యాలయ ఆవరణలో సమావేశమైన గ్రామసభ, వార్డు సభ్యులు, పొదుపు సంఘాల మహిళలు, జీడి కార్మికులు, దింపు కూలీలు, మత్స్యకారులు చెప్పిన విషయాలు విని, చర్చించి, ఈ క్రింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల మేర పరుచుకున్న ఉద్దానాన్ని కాగితాలన్నీ తోటల సీమగానే చూస్తున్నాయి. తోట ఉంటే రైతు, లేకపోతే వ్యవసాయ కూలీ. మా ఊళ్ళో తెల్లవారి ఐదు గంటలకే టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆటో ఎక్కే మహిళల్లో చాలామంది పొలానికి కాదు, పలాస, కాశీబుగ్గల జీడి పరిశ్రమలకు వెళుతున్నారు. వాళ్ళనూ కాగితం కూలీలనే అంటోంది.

జీడి పని సంగతి సభ వివరంగా విన్నది. ఉడికించి ఆరబెట్టిన పిక్కను కత్తుల మధ్య పెట్టి, కాలితో మీట తొక్కి పెంకు చీల్చాలి. పెంకులోని రసం తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. అందుకే చేతులకు ముందే నూనె రాసుకుంటారు. అయినా ఆ మచ్చలు పోవు. తర్వాత పప్పును వేడిలో ఆరబెట్టి చిన్న చాకుతో ఎర్ర పొర తీస్తారు. గుండు (నిండు పప్పు) విరిగిందా, బద్ద కిందో ముక్క కిందో లెక్క, ధర పడిపోతుంది. మిషన్లు వచ్చాక కటింగ్ పని కొంత తగ్గింది గానీ పొర తీయడం, సైజుల వారీగా ఏరడం చాలావరకు ఇంకా ఆడవాళ్ళ కళ్ళ మీద, వేళ్ళ మీదే నడుస్తోంది. కూలి కిలోల లెక్కన. ఇక్కడి తోటల పంట చాలక ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు తెప్పిస్తున్నారు. ఆ సరుకు ధర పెరిగితే పరిశ్రమలో పని ఆగుతుంది, తగ్గితే రైతు ఎనభై కిలోల బస్తాకు గిట్టుబాటు పోతుంది. రెండు దెబ్బలూ ఒకే ఇంటి మీద పడటం ఈ గ్రామంలో అందరూ ఎరిగినదే.

11 అక్టోబరు 2018న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది. కూలిన కొబ్బరి, జీడి చెట్లను లెక్క పెట్టారు, పెట్టవలసిందే. ఆ చెట్టెక్కి కాయ దించేవారికి, కాయ వలిచేవారికి, పీచు తీసేవారికి ఎన్ని నెలల పని పోయిందో రాసే గడి మాత్రం ఆ లెక్కల్లో లేకపోయింది. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది.

తీరపు వీధుల యువకులు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు తండేళ్ళుగా (బోటు నడిపేవారిగా), కలాసీలుగా (బోటు పనివారిగా) పోతున్నారు. నవంబరు 2018లో అక్కడి నుంచి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ నిర్బంధించగా, 20 మంది జనవరి 2020లో వాఘా సరిహద్దు మీదుగా ఇంటికి వచ్చారు. అలాంటి కబురు వచ్చిన రోజున ఎవరు ఏ బోటు మీద ఉన్నారో చెప్పగల పుస్తకం ఊళ్ళో ఉండాలి. హైదరాబాదు, చెన్నై భవన నిర్మాణాలకు, గల్ఫ్ దేశాలకు పోయినవారి సంగతీ అంతే.

వీటన్నిటికంటే సభను ఎక్కువగా కదిలించినది కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఇది ఇంతగా ఎందుకు వ్యాపించిందో పరిశోధకులు ఇదమిత్థంగా తేల్చలేదు. నీటిని, ఎండలో శ్రమను, ఇంకా పలు కారణాలను పరిశీలిస్తున్నారు. డయాలసిస్ బల్ల మీద ఉన్న మనిషి ఇరవై ఏళ్ళపాటు ఎండలో తోట తవ్వాడా, జీడి బాయిలర్ దగ్గర నిలబడ్డాడా, సముద్రం మీద గడిపాడా అన్నది ఆ పరిశోధనకు ఎంతో అవసరం. ‘కూలీ’ అన్న ఒక్క మాటతో అది తెలియదు.

రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులో మత్స్య పరిశ్రమ, ఆహార శుద్ధితో సహా చిన్న తరహా పరిశ్రమలు, గ్రామీణ కుటీర పరిశ్రమలు పంచాయతీలకు అప్పగించదగిన విషయాలుగా ఉన్నందున, వృత్తుల నమోదు పని పంచాయతీదేనని సభ భావిస్తున్నది.

కావున గ్రామ వృత్తుల నమోదు పుస్తకం తెరవాలని, పంచాయతీ కార్యదర్శి పర్యవేక్షణలో పొదుపు సంఘాల సభ్యులు ఇంటింటికీ వెళ్ళి వివరాలు రాయాలని తీర్మానించడమైనది. ప్రతి వ్యక్తి ప్రధానమైన పని, సీజనులో చేసే రెండో పని, పని చోటు, పనిలో పెట్టుకున్నవారు లేదా మేస్త్రీ, కూలి రోజుకా కిలోకా, ఎన్నేళ్ళుగా అన్నవి అందులో ఉండాలి. మహిళ పనిని ఆమెనే అడిగి రాయాలి. ఇంటి యజమాని చెప్పినది చాలదు. జబ్బుల వివరాలు ఈ పుస్తకంలో రాయరాదు.

ఈ పుస్తకం చూపి ఎవరి రేషన్ కార్డు గానీ, పింఛను గానీ, ఉపాధి పని గానీ తొలగించరాదని సభ గట్టిగా కోరుతున్నది. ఆ భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు.

కిలో లెక్క కూలి రోజు మొత్తానికి కనీస వేతనం కంటే తగ్గకుండా చూడాలని, అర్హత ఉన్న జీడి కార్మికులందరినీ పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ.లలో చేర్పించాలని కార్మిక శాఖను కోరడమైనది. 2027 జనగణనకు వచ్చే సిబ్బందికి గ్రామస్థులు తమ పనిని విడమరిచి చెప్పాలని వార్డు సభ్యులు ప్రచారం చేయాలి.

పుస్తకాన్ని ఏటా గ్రామసభలో చదివి, వలస పోయినవారి, తిరిగి వచ్చినవారి వివరాలు సరిచేయాలి.

ఈ తీర్మానం ప్రతులను మండల పరిషత్ అభివృద్ధి అధికారి, జిల్లా పంచాయతీ అధికారి, కార్మిక, మత్స్య, ఉద్యాన, వైద్య ఆరోగ్య శాఖల జిల్లా అధికారులకు పంపవలసిందిగా పంచాయతీ కార్యదర్శిని ఆదేశించడమైనది.