లక్ష నుంచి ఒక్కటికి...

చూడ్డానికి గోరంత కూడా ఉండదు. రెక్కల మీద గోధుమ, బూడిద రంగు మచ్చలు. దీపం చుట్టూ తిరిగే వందరకాల పురుగుల్లో ఇదీ ఒకటిలే అనుకుంటాం. కానీ దీని పేరు చెబితే ద్రాక్ష రైతులకు నిద్రపట్టదు. అదే యూరోపియన్ ద్రాక్ష పురుగు, శాస్త్రజ్ఞుల భాషలో లోబేసియా బోట్రానా.

మధ్యధరా దేశాల్లో ద్రాక్ష రైతులకు ఇది పాత శత్రువే. ఏడాదికి మూడు తరాలు పుడతాయి. మొదటి తరం పూతను తింటుంది. రెండోది పచ్చి కాయల్ని తొలుస్తుంది. అసలు నష్టం మూడోదానితోనే! పండిన కాయలోకి దూరి కన్నం చేస్తుంది. ఆ కన్నంలోంచి రసం కారుతుంది, రసానికి బూజు పడుతుంది. ఇక ఒక కాయ నుంచి పక్క కాయకు పాకి, గుత్తి మొత్తం కుళ్లిపోతుంది. అంటే పురుగు తినేది కొంచెమే, పాడుచేసేది కొండంత.

ఇది సొంత రెక్కలతో ఎక్కువ దూరం పోలేదు. అయినా సముద్రాలు దాటింది. 2008లో చిలీలో, 2009లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, 2010లో అర్జెంటీనాలో బయటపడింది. తోట నుంచి తోటకు దీన్ని మోసేది ఎక్కువగా మనుషులే. కోసిన పండ్లు, వాటిని మోసే తొట్లు, యంత్రాలు... వీటిలో ఏది ఎక్కినా చాలు, దానికి ప్రయాణం ఉచితం.

కాలిఫోర్నియాలో అది దిగింది మామూలు చోట కాదు, వైన్‌కు ప్రపంచ ప్రసిద్ధి చెందిన నాపా లోయలో. మరుసటి ఏడు, 2010లో, అక్కడి బుట్టల్లో పడిన రెక్కల పురుగులు లక్షకు పైనే! ఇంకెక్కడైనా అయితే ‘ఇక దీనితోనే కాపురం’ అనుకునేవారేమో. నాపా వాళ్లు అలా అనుకోలేదు.

మందు కొట్టారు, నిజమే. అయితే అసలు ఆయుధం వాసన. మగ పురుగును పిలవడానికి ఆడ పురుగు ఒక వాసన వదులుతుంది. మన పత్తి రైతులు లింగాకర్షక బుట్టల్లో పెట్టే ఎర రహస్యం కూడా అదే. నాపాలో ఆ వాసననే తయారుచేసి చిన్న గొట్టాల్లో నింపి, తోటల నిండా తీగలకు కట్టేశారు. ఎటు చూసినా ఆడపురుగు వాసనే... అసలైన జోడీ ఎక్కడుందో తెలియక మగవి తికమకపడ్డాయి. జతకట్టనిదే గుడ్లు ఎక్కడివి?

పెద్ద తోటలకు సరే, పెరట్లో పందిరి వేసుకున్న వాళ్ల సంగతి? అలాంటి పందిరి ఒక్కటి వదిలేసినా చేసిన శ్రమంతా వృథా. అందుకే సిబ్బంది పట్టణంలోని ఇళ్లకూ వెళ్లారు. పిల్లలతో కలిసి కోసుకుందామని పెంచుకున్న తీగకు పూత, పిందె దశలోనే గుత్తులు తీసేస్తామంటే ఎవరికి మనసొప్పుతుంది! గుత్తులు తీయని చోట్ల, పురుగుల్ని మాత్రమే చంపే బీటీ బ్యాక్టీరియా ద్రావణం చల్లారు. రైతు నష్టపోతే ఊరంతా నష్టపోయినట్టేనని జనానికి తెలుసు మరి.

2011కల్లా లెక్క వందల్లోకి పడిపోయింది. 2014లో దొరికింది ఒకే ఒక్క పురుగు. తరవాత రెండేళ్లూ బుట్టలు ఖాళీ. 2016 ఆగస్టులో పురుగు పూర్తిగా పోయిందని అధికారులు ప్రకటించారు. చిలీలో మాత్రం ఆ పోరు ఇంకా సాగుతూనే ఉంది.