కోడికి గూడు కట్టారు, అడ్డకర్ర మరిచారు

బోధన్: తెల్లవారి గూడు తలుపు తీసి గుడ్ల గంపలో చెయ్యి పెడితే పెంట అంటిన గుడ్లు చేతికి వస్తాయి. పగలు గుడ్డు పెట్టవలసిన గంపలోనే కోడి రాత్రంతా పడుకొంటుంది. “ఈ కోళ్లకు తెలివి లేదు” అని ఇల్లాలు విసుక్కొంటుంది. కాని తప్పు కోడిది కాదు. గూడు కట్టిన తీరుది.

ఇది చిన్న విషయమని తోసివేయడానికి వీలులేదు. 1937లో వెలసిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు డబ్బు వచ్చిన రోజుల్లో కూడా అది ఇంటి యజమాని చేతికే చేరేది. గుడ్ల డబ్బు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఇల్లాలిది. ఉప్పు, పప్పు, పిల్లల నోటు పుస్తకం అందులోంచే రావాలి. పెంట అంటిన గుడ్డును కొనేవారు ముట్టరు. కడిగితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. గుడ్డు పెంకుకు కంటికి కనిపించని రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిని కప్పి ఉంచే పలుచని పొర కడిగితే పోతుంది. క్రిములు లోపలికి చేరుతాయి. అటువంటి గుడ్డును పొదగేస్తే 21 రోజులు ఎదురుచూచి మురిగిన గుడ్డు పారవేయవలసి వస్తుంది. రాత్రింబవళ్లు గంపలో కూర్చున్న పెట్ట పొదుగుకు వచ్చి గుడ్లు మానుకోవడం మరో నష్టం. గంపలోని గడ్డిలో పేలు చేరడం వేరే బాధ.

కోడి పుట్టుకతో నేలమీద పడుకొనే పక్షి కాదు. దాని పూర్వీకురాలైన అడవికోడి నక్కకు, పిల్లికి భయపడి చీకటి పడగానే కొమ్మ ఎక్కుతుంది. నాటుకోడి పిల్లలు కూడా తల్లి వెంట వేపకొమ్మో, బండి నొగలో ఎక్కి నేర్చుకొనేవి. నేడు పల్లెలకు వస్తున్న వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ పిల్లలకు తల్లి లేదు. బల్బు వెలుగులో, ఊక పరచిన నేలమీద నాలుగైదు వారాలు పెరిగి ఇంటికి వస్తాయి. చిన్నప్పుడు కర్ర ఎక్కని పిల్ల పెద్దయ్యాక ఎక్కడానికి తడబడుతుంది. సాయంత్రం మెత్తగా కనిపించిన గంపలోకి దూరుతుంది.

దీనికి ఉపాయం ఖర్చులేనిది. కోడి ఎప్పుడూ గూటిలో అన్నిటికంటె ఎత్తైన చోటే వెతుకుతుంది. కనుక గంప కింద, మూలన, కొంచెం చీకటిలో ఉండాలి. కర్ర దానికంటె పైన ఉండాలి. రెండు అంగుళాల వెడల్పు గల వేపకర్ర అంచులు చెక్కి, దొర్లకుండా బిగించాలి. ఇనుప గొట్టం జారుతుంది, పనికిరాదు. ఒక్కో కోడికి జానెడు చోటు చాలు. నాటుకోడికి రెండడుగుల ఎత్తు సరిపోతుంది. వనరాజా బరువైన కోడి. ఎత్తునుండి దూకితే పాదాలు వాస్తాయి. దానికి అడుగు, అడుగున్నర మించకూడదు.

కర్ర కట్టినంత మాత్రాన అలవాటు మారదు. సాయంత్రం గుడ్లు తీసిన తర్వాత గంపలపై గోనె కప్పాలి. చీకటి పడ్డాక కోడిని రెండు చేతులా మెల్లగా ఎత్తి కర్రమీద కూర్చోబెట్టాలి. చీకటిలో కోడికి చూపు ఆనదు గనుక కూర్చున్నచోటే ఉంటుంది. ఇలా రెండు వారాలు ఓపిక పట్టాలి. కోడి కూతకు ముందే గోనె తీయడం మరువరాదు. లేకుంటే గుడ్డు నేలపాలవుతుంది. పొదుగు మీద ఉన్న పెట్టను, పిల్లల తల్లిని మాత్రం కదపరాదు.

కొమ్మ మంచిదని చెట్టు మీదికి వదలడం కూడా తగదు. చెరకు తోటలను ఆనుకొన్న ఇళ్లలో అడవిపిల్లి భయం ఉంది. కర్ర, తలుపు వేసిన గూటిలోనే ఉండాలి. కర్ర కింద ఊక, బూడిద పరిస్తే రాత్రి పెంట అంతా ఒకేచోట పడుతుంది. వారానికోసారి ఎత్తి ఎరువుకుప్పలో వేసుకోవచ్చు.

కోడిపిల్లలను పెంచి పంచేవారు కూడా ఈ విషయమై శ్రద్ధ వహించాలి. మూడో వారం నుండే షెడ్డులో జానెడు ఎత్తున కర్రలు పెడితే పిల్లలు అలవాటుపడతాయి. పిల్లలను ఇచ్చే రోజున మహిళా సంఘం సభ్యులకు గంప ఎక్కడ పెట్టాలో, కర్ర ఎక్కడ కట్టాలో ఒక్క గూటిలో చూపించినా చాలు. ఇందుకు నిధులు అక్కరలేదు, ఉత్తర్వులు అక్కరలేదు. పిల్లల మీద పెట్టిన డబ్బు, ఇల్లాలి ఏడాది కష్టం ఒక కర్రముక్క లేక వృథా కావడం శోచనీయం.