దేవుడు లేని రథము

ఐరోపాఖండములోని కొన్ని నగరములందు ఇటీవల నొక వేడుక బయలుదేఱినది. సోవియటు కూటమినాటి పాత మోటారుబండిని తుడిచి మెఱుగుపెట్టి, అందు యాత్రికులను కూర్చుండబెట్టి, ఆ కాలపు కర్మాగారములను, కార్మికుల యిండ్లను, విగ్రహములను చూపి తెచ్చుటయే ఆ వేడుక. బెర్లినులోను, పోలెండు దేశపు క్రాకో నగరమున నొక భాగమైన నోవాహుతాలోను త్రబాంతు అను చిన్న బండిలో ఇట్టి విహారములు నడచుచున్నవి. శ్రీసిటీలో ఉద్యోగించు మిత్రుడొకడు ఈ ముచ్చట చెప్పి, “మన ప్రాంతమునకు పరదేశీయు లిందఱు వచ్చుచున్నారు గదండీ! మనమును ఒక పాత అంబాసిడరు సంపాదించి, సోవియటు మైత్రినాటి చిహ్నములను చూపరాదా?” అని మమ్మడిగెను. ఆనాడు మేము నవ్వి యూరకుంటిమి. ఆలోచించినకొలది ఇది నవ్వి విడువదగిన ప్రశ్న కాదని తోచినది.

వేడుక పాపమని మేము చెప్పము. పాతవస్తువును చూచి ముచ్చటపడుట మనుష్యునకు సహజము. కాని ఆ బండిలో కూర్చున్నవాడు దేనిని చూచి నవ్వుచున్నాడో విచారింపవలెను. త్రబాంతు తూర్పు జర్మనీవారు చేసిన బండి. ఉక్కురేకు చాలక, ప్రత్తి పీచును బంకతో కలిపి అదిమి దాని పైతొడుగు చేసిరి. అట్టి బండియైనను చేతికి వచ్చుటకు సామాన్యుడు పదియేండ్లకు పైగా వేచియుండవలసివచ్చెడిది. నోవాహుతా యనగా ‘క్రొత్త ఉక్కుశాల’. 1949లో ఆ పట్టణమునకు పునాదులు పడినవి. ప్రార్థనామందిరము లేని ఆదర్శ పట్టణముగా పాలకులు దానిని కట్టదలచిరి. తమకొక చర్చి కావలెనని కార్మికులు 1960లో వీథికెక్కి దెబ్బలు తినిరి. 1977లో గాని వారి చర్చికి ప్రతిష్ఠ జరుగలేదు. ఇంత కథ గల ఊరిలో బండి కుదుపునకును పొగకును పగలబడి నవ్వి, ఛాయాచిత్రము తీసికొని మరలి వచ్చుట చరిత్రజ్ఞాన మగునా? పరుల యిక్కట్టు మనకు వినోదమైనపుడు మనము చూచినది చరిత్ర కాదు, పగటివేషము.

ఇక మన సంగతి చూతము. శ్రీసిటీ 2008లో తలయెత్తిన పారిశ్రామిక నగరము. సోవియటు రాజ్యము 1991లోనే అస్తమించినది. కావున ఆనాటి గురుతులను శ్రీసిటీలో వెదకుట ఎండమావిలో నీరు తోడుటయే. అయితే అచటినుండి తడ మీదుగా సూళ్ళూరుపేటకు పోయి, పులికాటు సరస్సు నడుమ వేసిన బాటను తూర్పునకు సాగినచో శ్రీహరికోట దీవి వచ్చును. 2022 నుండి అదియు తిరుపతి జిల్లాలోనిదే. అచట గురుతులు కలవు. కాని వానిలో ముఖ్యమైనవి కంటికి కనబడునవి కావు.

1972లో మన అంతరిక్షసంస్థకును సోవియటు విజ్ఞానపరిషత్తునకును ఒడంబడిక కుదిరినది. యు. ఆర్. రావుగారి నాయకత్వమున బెంగుళూరులో మనవారు నిర్మించిన ఆర్యభటను 1975 ఏప్రిల్ 19వ తేదీన సోవియటు రాకెట్టు కపూస్తిన్ యార్ నుండి ఆకాశమునకు మోసికొనిపోయినది. 360 కిలోల ఆ ఉపగ్రహపు సంకేతములను అందుకొన్న భూకేంద్రములలో శ్రీహరికోట యొకటి. కొలదిదినములకే విద్యుత్తు లోపించి అందలి ప్రయోగములు నిలిచిపోయినవి. మనవారు నేర్చిన విద్య మాత్రము నిలిచిపోలేదు.

పిదప 1991లో, అతిశీతల ఇంధనముతో పనిచేయు క్రయోజెనిక్ యంత్రములను, వానిని చేయు విద్యను గూడ ఇచ్చుటకు సోవియటు సంస్థ యొప్పుకొన్నది. 1992లో అమెరికా ఇరుపక్షములపైనను ఆంక్షలు విధించినది. 1993లో విద్యాదానము రద్దై, యంత్రములు మాత్రమే వచ్చుట నిశ్చయమైనది. చంద్రలోకయాత్రకై 1960లలో సోవియటువారు రూపొందించి, ఆ యాత్ర సాగక మూలబెట్టిన యంత్రపు సంతతి యది. అదియే 2001 ఏప్రిల్ 18వ తేదీన శ్రీహరికోటనుండి మన జీఎస్ఎల్వీతో ఎగిరినది. పరులు ఇయ్యని విద్యను మనవారు స్వయముగా సాధించి 2014 జనవరి 5వ తేదీన జయము గాంచిరి. స్నేహము, బేరము, పరాధీనత, స్వయంకృషి — ఈ నాలుగును పెనవేసికొన్న కథ యిది. దీనిని మోటారు కిటికీలోనుండి వ్రేలు చాచి చూపగలవా డెవడు?

ఆ మోటారు మాటయు విచారింతము. అంబాసిడరు సోవియటు బండి కాదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు అచ్చున 1950ల చివర హిందూస్థాన్ మోటార్స్ వారు దానిని చేయ నారంభించి 2014లో నిలిపివేసిరి. త్రబాంతుతో దానికి గల పోలిక యొక్కటే: దానికొఱకును జనులు ఏండ్ల తరబడి వేచియుండిరి. తెల్లదొరల అచ్చున పోసిన బండికి ఎఱ్ఱజెండా కట్టి సోవియటు స్మారకమనినచో చూపువానికి సిగ్గు లేకున్నను చూచువానికి మోసము గదా!

అంతకంటె పెద్ద మోసము మఱియొకటి కలదు. శ్రీహరికోట నిర్జనమైన దీవి కాదు. రాకెట్టు కేంద్రము రాకపూర్వము అది యానాదుల నివాసము. అడవిలోని దుంపలు, తేనె, మూలికలు, సరస్సులోని చేపలు వారి జీవనము. ఏ ఆకు ఏ రోగమునకు పనికివచ్చునో వారి వృద్ధు లెఱుగుదురు. 1969లో ఆ దీవిని ఎన్నుకొనిరి. 1971లో అచటినుండి మొదటి చిన్న రాకెట్టు లేచినది. ఈ నడుమ పెక్కు కుటుంబములు పుట్టినచోటు విడువవలసివచ్చినది. ప్రయోగములను చూచుటకు 2019లో అచట వీక్షణశాల తెఱచిరి. వేలమంది పోయి చప్పట్లు చఱచుచున్నారు. మేమును చఱచితిమి. అందు తప్పు లేదు. కాని ‘ఈ నేల ముందెవరిది?’ అని అడిగినవాడు ఆ గుంపులో ఒక్కడైనను మాకు కానరాలేదు. మేమును ఆనాడు అడుగలేదని యొప్పుకొనుచున్నాము.

శ్రీహరికోట కాపలా గల చోటు గావున అచట ఇట్టి విహారము కుదరదు, విశాఖపట్టణమున కుదురును గదా యని కొంద ఱందురు. నిజమే. అచట రామకృష్ణా తీరమున కురుసురా జలాంతర్గామి కలదు. సోవియటు దేశమున నిర్మితమై 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మాఱినది. దానిని చక్కగా కాపాడుచున్నారు, సంతోషము. ఆ నగరముననే సోవియటు సహాయముతో వెలసిన ఉక్కు కర్మాగారము గూడ కలదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో సాగిన ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరని మన వాడుక. 1979లో సోవియటువారితో ఒప్పందమైనది. 1992లో కర్మాగారము జాతికంకితమైనది. ఆ నేలకొఱకును పల్లెలు ఖాళీయైనవి. అట్టి కర్మాగారమును పూర్తిగా విక్రయించుటకు 2021 జనవరిలో కేంద్రప్రభుత్వము సూత్రప్రాయముగా నిశ్చయించినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించినది. పని మానిన పడవకు రంగువేసి కాపాడు జాతి, పనిచేయుచున్న కొలిమిని అమ్ముదుమా ఉంచుదుమా యని ఏండ్ల తరబడి ఊగిసలాడుట వింత కాదా? చచ్చినదానికి పూజ, బ్రతికినదానికి బేరము — ఇదియా వారసత్వరక్షణము?

మన ఊళ్ళకు నిజముగా వచ్చిన సోవియటు బండి యొకటి కలదు. దానిని విహారకర్తలు మఱచిరి. అది విశాలాంధ్రవారి పుస్తకముల వ్యాను. మాస్కోలోని ప్రగతి, మీర్, రాదుగ ప్రచురణాలయముల గ్రంథములను అది వీథిలోనికే తెచ్చెడిది. ఉప్పల లక్ష్మణరావుగారివంటి వారు మాస్కోలో కూర్చుండి తెలుగుచేసిన పుస్తకములు అందుండెడివి. చొక్కా కొనలేని బాలుడు గూడ గట్టి అట్టతో, రంగుబొమ్మలతో నున్న పుస్తకమును కొనగలిగెడివాడు. అందుచే ఎందఱికో భౌతికశాస్త్రము తెలిసినది. ఎందఱికో తోల్‌స్తోయి, చేహవ్, గోర్కీ ఇంటివారైరి. అట్లని మేము సోవియటు రాజ్యమునకు హారతి పట్టము. ఆ చౌకవెలలో ప్రచారబుద్ధియు నుండినది. మనకు పుస్తకములు పంపిన ఆ రాజ్యమే 1958లో పాస్టర్నాకుచే నోబెల్ బహుమానమును నిరాకరింపజేసినది. 1974లో సోల్జెనిత్సిన్‌ను దేశమునుండి వెడలగొట్టినది. ఈ రెండు నిజములను ఒక్క నోట చెప్పనివాడు స్తోత్రపాఠకుడైన కావలెను, నిందకుడైన కావలెను. చరిత్ర చెప్పువాడు కాజాలడు.

‘ఇంత విచారమేల? నలుగురికి బ్రతుకుతెరువు దొరకును గదా!’ యను వాదము కలదు. దొరకనిండు, మే మడ్డుపడము. కాని అది ఎవరికి దొరకునో ముందు తేల్చుడు. అట్టి విహారము నడుపగోరువారికి మేము చెప్పునది యిది. కర్మాగారమున చెమటోడ్చి విరమించిన కార్మికుని బండిలో ముందుపీటపై కూర్చుండబెట్టి, అతనిచే కథ చెప్పింపుడు. అతనికి తగిన వేతనమిండు. దీవి విడిచిన యానాదులను కొయ్యబొమ్మలవలె చూపకుడు. చెప్పుట వారికిష్టమైన వారినోటనే విని, వచ్చిన సొమ్ములో వారికి పాలు పంచుడు. అటకలపై చెదలు తినుచున్న ఆ పుస్తకములను సేకరించి ఊరి గ్రంథాలయమున నిలుపుడు. చూపవలసిన చోటులలో జైలుగోడ నీడ గూడ నున్నచో దానిని దాచకుడు. ఇవి చేసినచో బండి ఏదైనను ఒక్కటే, ఎద్దులబండియైనను చాలును. చేయనిచో ఎంత మెఱుగుపెట్టిన మోటారైనను దండుగ.

మా తిరుపతి సీమలో రథమునకు మ్రొక్కుదురు. మ్రొక్కు కొయ్యకు కాదు, అందు వేంచేసిన స్వామికి. స్వామి వేంచేసినను, మోకు పట్టి లాగు చేతులు లేనిచో రథము కదలదు. స్వామియు లేక, లాగినవారి ఊసును లేక, చక్రములకు మాత్రము హారతి పట్టుటవంటిది ఈ పాతబండి విహారము.

ఇది గడచిన కాలపు తగవు మాత్రమే కాదు. 2016 నుండి శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారగుచున్నవి. ఒకనాడు అవియు పాతబండ్లగును. ఆనాటి యాత్రికుడు వానిలో నెక్కి శ్రీసిటీ శిథిలములను చూడవచ్చును. ఈ నగరమునకు భూములు వదలిన సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల రైతులను, రాత్రివంతు ముగించి కునికిపాట్లతో బస్సెక్కు పల్లెటూరి పడుచులను అతని కెవరు చెప్పుదురు? ఇప్పుడు మనము వ్రాసిపెట్టనిచో ఎవరును చెప్పరు. యంత్రములను తుడిచి దాచుట సులభము. పనిచేసినవారి పేరులు దాచుటయే కష్టము. ఆ కష్టమునకు పూనుకొను మిత్రుడెవడైన బండి తెచ్చినచో మొదటి టిక్కెట్టు మేమే కొందుము.