మూడుసార్లే అడగాలి

ఉదయం ఏడున్నర. బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి. పొట్లం అందుకున్న కుర్రాడు స్కాన్ చేసి ఫోన్ వంక చూస్తున్నాడు. తెర మీద చక్రం తిరుగుతోంది.

‘పడ్డాయా అక్కా?’

‘ఇంకా మోగలేదు నాన్నా’ అంది ఆమె, బండికి వేలాడదీసిన చిన్న పెట్టె వైపు చెవి పెట్టి.

‘నాకు కట్ అయ్యాయే!’

‘నాకు పడలేదుగా!’

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. నలభై రూపాయలు ఇటు బయల్దేరి, అటు చేరకుండా నడుమ ఎక్కడో ఆగిపోయాయి. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. చట్నీ గరిటె ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. పది సెకన్లు గడిచాయో లేదో, కుర్రాడు మళ్లీ అడిగాడు: ‘ఇప్పుడు పడ్డాయా?’

మనిషికి ఆ ఆత్రం సహజం. సర్వర్లకూ అదే ఆత్రం అంటుకుందని 2025 వసంతంలో తెలిసొచ్చింది. మార్చి 26 సాయంత్రం మొదలు ఏప్రిల్ 12 దాకా యూపీఐ పలుమార్లు మొరాయించింది. ఏప్రిల్ 12, శనివారం నాడైతే గంటల తరబడి చెల్లింపులు తడబడ్డాయి. ఎవరో చొరబడ్డారనుకున్న వాళ్లున్నారు. తీరా చూస్తే దొంగా లేడు, దొరా లేడు. కొన్ని బ్యాంకుల వ్యవస్థలు ‘ఆ లావాదేవీ ఏమైంది?’ అని అడిగిందే అడిగాయి. జవాబు వచ్చేలోపు మరోసారి అడిగాయి. ఎప్పటివో పాత లావాదేవీల గురించీ ఆరా తీశాయి. ఆరాల రద్దీలో అసలు చెల్లింపులకు దారి లేకుండా పోయింది.

మనియార్డర్ల రోజులు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. పింఛను కోసం ఎదురుచూసే ముసలమ్మ పోస్ట్‌మ్యాన్‌ను రోజుకు ఒక్కసారి అడిగేది. ‘రాలేదు పెద్దమ్మా’ అంటే మర్నాటిదాకా మళ్లీ ఆ ఊసెత్తేది కాదు. అదే ఊరు ఊరంతా పొద్దున్నే పోస్టాఫీసు కిటికీకి అడ్డంపడి ‘నాది వచ్చిందా, నాది వచ్చిందా’ అని గోల పెడితే, పాపం ఆయన సంచీ విప్పేదెప్పుడు? ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందని మన సామెత. ఇక్కడ ఆ పని తొందరే చేసింది.

అందుకే యూపీఐని నడిపే భారత జాతీయ చెల్లింపుల సంస్థ బ్యాంకులకూ, యాప్‌లు తయారు చేసేవారికీ కొత్త షరతులు పెట్టింది. 2025 మే 21న సర్క్యులర్ ఇచ్చి ఆగస్టు 1 నుంచి అమల్లోకి తెచ్చింది. ఒక చెల్లింపు సంగతి రెండు గంటల్లో మూడుసార్లకు మించి అడగరాదు. డబ్బు కదిలిన మరుక్షణమే అడగనూ రాదు, కాసేపు ఆగాలి. ఆ కాసేపటికీ సెకన్ల లెక్క ఉంది. ఆటోపే కోతలు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 దాకా, సాయంత్రం 5 నుంచి రాత్రి 9.30 దాకా వద్దు. ఖాతాదారు కోరకుండా యాప్ తనంతట తాను తెర వెనక చేసే విచారణలు కూడా ఆ రద్దీ వేళల్లో బంద్. మాట వినకపోతే జరిమానాలు, కొత్త ఖాతాదారులను చేర్చుకోవడంపై ఆంక్షలు. అడిగేవారికి ఓపిక నేర్పుతూనే జవాబు చెప్పేవారిని తొందరపెట్టారు కూడా. లావాదేవీ స్థితి చెప్పడానికి అంతకుముందు 30 సెకన్ల దాకా గడువుండేది. జూన్ 16 నుంచి దాన్ని 10 సెకన్లకు కుదించారు.

ఒక్కో యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూసుకోకూడదన్న నిబంధన విని చాలామంది నవ్వారు. యాభైసార్లు ఎవరు చూస్తారని! నెలాఖరులో జీతం కోసం ఎదురుచూసేవాళ్లను అడగండి, చెబుతారు. ప్రతి చెల్లింపు తర్వాతా మిగిలిందెంతో బ్యాంకే చూపాలని అదే సర్క్యులర్ చెప్పింది. అడిగించుకోకముందే చెప్పమనడం ఈ షరతులన్నింటిలోకీ మాకు బాగా నచ్చింది. షరతుల వల్ల వాడకమేమీ తగ్గలేదు: ఆ ఆగస్టులోనే యూపీఐ లావాదేవీలు మొదటిసారిగా నెలకు 2,000 కోట్లు దాటాయి.

కోడ్ రాసేవారికి పెట్టే షరతు బండి దగ్గరి మనిషిని ఎంతగా కాపాడగలదో చెప్పడానికి మరో మార్పు ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి ఒక మనిషి మరో మనిషికి ‘నాకింత పంపు’ అని కలెక్ట్ రిక్వెస్ట్ పెట్టే వీలును తీసేశారు. పాత మంచం అమ్ముకుందామని ఫొటో పెట్టినవారికి కొనేవాడి వేషంలో ఒకడు ఆ రిక్వెస్ట్ పెట్టి ఫోన్ చేసేవాడు. ‘డబ్బులు పంపుతున్నా మేడమ్, పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడిపోతాయి’ అనేవాడు. పిన్ కొట్టగానే పడాల్సిన డబ్బు పోయేది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న ముక్క ఎన్ని ప్రకటనల్లో చెప్పినా ఎక్కనివాళ్లు ఎక్కనట్టే ఉండిపోయారు. చివరికి ఆ తలుపే మూసేశారు. స్నేహితుల మధ్య బిర్యానీ బిల్లు పంచుకోవడం కాస్త కష్టమై ఉండొచ్చు. ఆ మాత్రం ఇబ్బంది భరించదగ్గదే.

షరతులు మంచివే. అవి ఎవరికి చేరాయన్న దగ్గరే మాకు కాస్త వెలితి. బ్యాంకులకు సర్క్యులర్ వెళ్లింది, యాప్‌లు కోడ్ మార్చుకున్నాయి. ఇడ్లీ బండి దగ్గరి తెర మీద మాత్రం ఇప్పటికీ ‘పెండింగ్’ అన్న మాటే కనిపిస్తోంది. అంటే పోయాయనా, వస్తాయనా, మళ్లీ కట్టమనా? ఆ కుర్రాడు చివరికి మరోసారి స్కాన్ చేశాడు. రెండోసారి కట్టినవి పడ్డాయి. మొదటివి ఏమయ్యాయో అతనికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

తెలిసే వీలు లేక కాదు. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఒకటుంది. మనిషికి పంపిన యూపీఐ డబ్బు చేరకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. దుకాణంలో కట్టింది ఖాతాలో తగ్గినా అక్కడ ఖరారు కాకపోతే 5 రోజుల్లో వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున, ఖాతాదారు ఫిర్యాదు చేయకపోయినా, పరిహారం జమ చేయాలి. ఇంత మంచి కబురు ఆ చిన్న తెర మీదికి ఇన్నేళ్లుగా ఎందుకు ఎక్కలేదో!

యాప్‌లు రాసేవారిలో మన పిల్లలూ చాలామందే ఉన్నారు. వారికి మా మనవి ఒక్కటే. ‘పెండింగ్’ తీసేసి, డబ్బు ఎక్కడ ఆగిందో, ఏ తేదీలోగా తిరిగొస్తుందో తెలుగులో రెండు ముక్కలు రాయండి. చక్రం తిరుగుతున్నంతసేపూ మాకు చదువుకునే తీరిక ఎలాగూ ఉంటుంది.