జమా–ఖర్చు: యముడి ఖాతాలో పాత నిల్వ



క్రితం సంచికలో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడం గురించి రాసి కొందరు తల్లుల చేత చీవాట్లు తిన్నాను. "మీకేం, పొద్దున బ్యాంకుకు పోయి సాయంత్రం వస్తారు, నేర్పేది మేము కదా!" అన్నారు. నిజమే. అందుకని ఈసారి బుద్ధిగా సినిమా కబుర్లు చెబుదామని కూర్చున్నాను. తీరా రాశాక ఇదీ తిరిగి తిరిగి అక్కడికే చేరితే మాత్రం నన్నేమీ అనకండి.

మా చిన్నవాడు పుణెలో ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న సెలవులకు వచ్చి మూడు రోజులు లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. ఏమిట్రా అది అంటే "గండమ్" అన్నాడు. పరీక్షల గండమేమో అనుకున్నాను. కాదట. జపాను వాళ్ళ బొమ్మల సినిమా. తాటిచెట్టంత యంత్రం లోపల మనిషి కూర్చుని యుద్ధం చేస్తాడు. 1979లో టొమినో అనే ఆయన మొదలుపెట్టిన కథ అట, ఇప్పటికీ వరుసగా వస్తూనే ఉన్నాయి. 2025లో వచ్చినదాంట్లో, 1979 నాటి కథలో ఓడిపోయిన పక్షం గెలిచి ఉంటే ఏమయ్యేదో అక్కడి నుంచి ఎత్తుకున్నారట.

"కొత్తగా చూసేవాడికి కథ అర్థమవుతుంది నాన్నా. కానీ ఆ తెల్ల యంత్రంలోకి పాత హీరోకు బదులు అతని శత్రువు ఎక్కాడనుకో, పాతది చూసినవాడి గుండే ఝల్లుమంటుంది" అన్నాడు. తర్వాత ఒక నిట్టూర్పు విడిచి, "మన తెలుగులో ఇట్లాంటివి లేవు" అని తేల్చేశాడు.

"ఎందుకు లేదు? యముడున్నాడు కదరా" అన్నాను.

వాడు నా వైపు జాలిగా చూశాడు. ఆ చూపుకు సమాధానమే ఈ వ్యాసం.

నేను కామర్సు వాణ్ణి. సాహిత్య విమర్శ నాకు రాదు, ఖాతా చూడటం వచ్చు. కొత్త ఏడాది పుస్తకం తెరవగానే మొదటి పంక్తిలో రాసేది ఓపెనింగ్ బ్యాలెన్స్. అంటే, పోయిన ఏడాది నుంచి మోసుకొచ్చిన నిల్వ. మన యముడి సినిమాలన్నీ అట్లా నిల్వ మోసుకుంటూ వచ్చినవే.

మొదటి పద్దు 1933. సి. పుల్లయ్య గారు కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ వారికి 'సావిత్రి' తీశారు. అందులో వేమూరి గగ్గయ్య గారు యముడు. ఆ యముడితో హాస్యం లేదు. సావిత్రి ఆయన వెంట నడుస్తుంది, మాటకు మాట చెబుతుంది, చివరకు భర్త ప్రాణం తెచ్చుకుంటుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. యముడు ధర్మరాజు గనుక మాట వింటాడు. ఎదుటివాడి మాటలో న్యాయముంటే తగ్గుతాడు. తర్వాత వచ్చిన యముడి హాస్యమంతా ఈ ఒక్క గుణం మీదనే నిలబడింది.

ఇరవై ఏడేళ్ళ తర్వాత, 1960లో, అదే పుల్లయ్య గారు 'దేవాంతకుడు' తీశారు. ఇదీ వంగదేశపు సరుకే. 1958లో వచ్చిన 'జమాలయే జీబంత మానుష్' అనే బెంగాలీ హాస్యచిత్రం దీనికి మూలం. ఆ పేరుకు యమాలయంలో బతికున్న మనిషి అని అర్థం. మన దాంట్లో ఆ మనిషి ఎన్.టి. రామారావు గారు, యముడు ఎస్.వి. రంగారావు గారు. రంగారావు గారు 1957 నాటి 'సతీ సావిత్రి'లో అసలు సిసలు పౌరాణిక యముడిగా వేశారు. మూడేళ్ళలో అదే మనిషి, అదే కిరీటం, ఈసారి మానవుడి చేతిలో అవస్థ! జనం నవ్వింది ఎదురుగా ఉన్న యముణ్ణి చూసి మాత్రమే కాదు. మూడేళ్ళ క్రితం తాము భక్తితో చేతులు జోడించిన యముడు వాళ్ళకు గుర్తున్నాడు.

తర్వాత 1977, 'యమగోల'. తాతినేని రామారావు గారి దర్శకత్వం, డి.వి. నరసరాజు గారి మాటలు. మళ్ళీ ఎన్.టి.ఆర్. గారే కథానాయకుడు. రంగారావు గారు 1974లోనే కాలం చేశారు. ఆయన సింహాసనం మీద కైకాల సత్యనారాయణ గారు కూర్చున్నారు, పక్కన చిత్రగుప్తుడుగా అల్లు రామలింగయ్య గారు. యమభటుల చేత యూనియన్ పెట్టించడం, హక్కుల కోసం గొడవ చేయించడం ఇందులోని గమ్మత్తు. ఎమర్జెన్సీ ఆ ఏడాది మార్చిలోనే ముగిసింది, దేశంలో ఎవరి నోరు చూసినా హక్కుల మాటే. యమలోకానికి ఆ గాలి తగలకుండా ఉంటుందా? ఇది హిందీలోకి కూడా 'లోక్ పర్లోక్'గా 1979లో వెళ్ళింది. మరుసటి ఏడాది, 1978లో, ఇంకో తమాషా జరిగింది. రెండుసార్లు యముణ్ణి ముప్పుతిప్పలు పెట్టిన ఎన్.టి.ఆర్. గారే 'సతీ సావిత్రి'లో తాను యముడి కిరీటం పెట్టుకున్నారు. మావాడు చెప్పిన తెల్ల యంత్రం సంగతికి ఇదేమైనా తీసిపోయిందా?

నేను 'యమగోల' చూసింది కాస్త ఆలస్యంగా. మాది సిరొంచ. అప్పటికి గడ్చిరోలి జిల్లా లేదు, 1982 ఆగస్టు 26న ఏర్పడింది. మేము చంద్రపూర్ జిల్లా చివరి కొసన ఉండేవాళ్ళం. బడిలో మరాఠీ, కచేరీలో మరాఠీ, ఇంట్లో తెలుగు. తెలుగు సినిమా కావాలంటే గోదావరి దాటాలి. ఇప్పుడున్న వంతెన అప్పుడేది? బాపు నన్ను నావలో అవతలి ఒడ్డుకు తీసుకుపోయి, టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొని కూర్చోబెట్టాడు. నాకు తొమ్మిదేళ్ళుంటాయేమో. సత్యనారాయణ గారు గద ఊపుతూ గర్జించగానే నేను బాపు ధోవతి చాటుకు దూరాను. బాపు నవ్వుతూ నా నెత్తి నిమిరి, "యముడంటే భయమెందుకురా, ఆయన గూడ నౌకరి చేసేటోడే" అన్నాడు. బాపు తహసీలు కచేరీలో గుమాస్తా. తోటి ఉద్యోగి మీద ఉండే సానుభూతి అది!

1988లో 'యముడికి మొగుడు' వచ్చేసరికి నేను బి.కాం. విద్యార్థిని. రవిరాజా పినిశెట్టి గారి దర్శకత్వం, చిరంజీవి గారు హీరో. హీరో మారాడు, కాలం మారింది, కానీ యముడు సత్యనారాయణ గారే, చిత్రగుప్తుడు అల్లు వారే. ఆయుష్షు తీరని మనిషిని పొరపాటున పట్టుకొస్తారు, తిరిగి పంపుదామంటే దేహం లేదు. మా భాషలో చెప్పాలంటే ఒకరి ఖాతాలో వేయవలసిన పద్దు ఇంకొకరి ఖాతాలో వేసి, ఆనక దిద్దలేక నానా యాతన పడటం. ఇది ఎన్ని బ్రాంచీలలో జరుగుతుందో నన్నడగకండి.

1994లో 'యమలీల'. ఎస్.వి. కృష్ణారెడ్డి గారు తీశారు, ఆలీ హీరో. సత్యనారాయణ గారు మళ్ళీ యముడు, చిత్రగుప్తుడి కుర్చీలోకి బ్రహ్మానందం గారు వచ్చారు. ఈసారి భవిష్యవాణి గ్రంథమే పోగొట్టుకుని, దాన్ని వెతుక్కుంటూ ఇద్దరూ భూలోకానికి దిగుతారు. లెడ్జరు పోగొట్టుకున్న ఆఫీసరు ముఖం ఎట్లా ఉంటుందో చూడాలంటే సత్యనారాయణ గారి ముఖం చూడండి. అంతటి యమధర్మరాజు ఐస్‌క్రీము రుచి మరిగే దృశ్యం ఇప్పటికీ మా ఇంట్లో సామెత. ఈ మూడు సినిమాల కథలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కలిపేది ఆ ఒక్క ముఖమే. ఆయన తెర మీదికి రాగానే 1977 నుంచి పోగుపడిన నవ్వంతా వడ్డీతో సహా హాలులో పంపిణీ అయ్యేది.

2007లో రాజమౌళి గారి 'యమదొంగ'. ఈసారి యముడు మోహన్‌బాబు గారు, హీరో ఎన్.టి.ఆర్. గారి మనవడు, జూనియర్ ఎన్.టి.ఆర్. పాత 'యమగోల'లోని హుషారైన పాటను కొత్త హంగులతో పెట్టారు, మనవడే పాడాడు కూడా. అంతటితో ఆగక, 1996లో కన్నుమూసిన తాతగారిని గ్రాఫిక్సుతో యమలోకంలో నిలబెట్టారు. హాలులో చప్పట్లు మోగిపోయాయి. నా పక్కనున్న మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అదే ఏడాది 'యమగోల మళ్ళీ మొదలైంది' అని ఇంకోటి వచ్చింది. అందులో యముడూ చిత్రగుప్తుడూ బాధ్యతలు కుర్రవాళ్ళకు అప్పగిస్తారు. శ్రీకాంత్, వేణు ఆ కుర్రవాళ్ళు. స్వచ్ఛంద పదవీ విరమణ యమలోకానికీ వచ్చిందన్నమాట.

2012లో 'యముడికి మొగుడు' అనే పేరుతోనే మరో సినిమా, 2014లో 'యమలీల 2' కూడా వచ్చాయి. నా లెక్కలో ఇక్కడ చిన్న హెచ్చరిక ఉంది. పాతదాన్ని గుర్తుచేయడమంటే చెక్కు రాయడం. అది చెల్లాలంటే చూసేవాడి మనసులో నిల్వ ఉండాలి. ఆ నిల్వకు తీసేవాడు తానూ కొంత జమ చేయాలి. 'యమలీల' వాడుకున్నదానికన్నా ఎక్కువే జమ చేసింది. పేరు మాత్రం వాడుకుని ఏమీ జమ చేయకపోతే ఎంత పెద్ద ఖాతా అయినా కరిగిపోతుంది.

ఇదంతా చెబితే మావాడు శ్రద్ధగానే విన్నాడు. "బాగుంది నాన్నా, కానీ నేను ఇవేవీ చూడలేదుగా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. తప్పు వాడిది కాదు. మావాడి ఖాతాలో ఒక్క రూపాయి వేయకుండా చెక్కు తిరిగొచ్చిందని బాధపడితే ఎవరికి సిగ్గు?

ఇక అసలు సంగతి. నిరుడు బాపు పోయాడు. ఎనభై ఎనిమిదేళ్ళు. చివరి నెలల్లో మాట తడబడేది, మనుషులను గుర్తుపట్టడం తగ్గింది. ఒక సాయంత్రం నేను ఫోనులో 'యమగోల' పెట్టి చేతికిచ్చాను. యమసభ రాగానే బాపు ముఖం వెలిగింది. వేలితో చూపించి, "సత్యనారాయణ" అన్నాడు. నా పేరు చెప్పి రెండు వారాలైంది, ఆ పేరు మాత్రం తప్పులేకుండా వచ్చింది. కైకాల వారు 2022 డిసెంబరు 23న వెళ్ళిపోయిన సంగతి నేను చెప్పలేదు. మావాడు మంచం పక్కనే ఉన్నాడు. తాత ఎందుకు నవ్వుతున్నాడో వాడికి తెలియలేదు, తాతకు చెప్పే శక్తి లేదు. మధ్యలో ఉన్న నేను ఆ క్షణానికి గొంతు పెగలక ఊరుకున్నాను.

అస్థికలు కలపడానికి కాళేశ్వరం వెళ్ళాం. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. మా సిరొంచ వాళ్ళకు ఎదుటి ఒడ్డే. చూడని వారికోసం చెబుతున్నాను, అక్కడి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. స్థలపురాణం ఏమంటుందంటే, ముక్తేశ్వరుణ్ణి కొలిచి జనమంతా నేరుగా మోక్షానికి పోతుంటే యముడికి పని లేకుండా పోయింది. ఆయన శివుడికి మొరపెట్టుకున్నాడు. "సరే, నా పక్కనే ఉండు. ముందు నిన్ను పూజించాకే నన్ను పూజించాలి" అని శివుడు సర్దుబాటు చేశాడు.

క్యూలో నిలబడి మావాడికి ఈ కథ చెప్పాను. వాడు రెండు లింగాలనూ చూసి, కాసేపాగి, మెల్లగా అన్నాడు: "అంటే యముడికి నౌకరీ పోతుందని భయం పట్టుకుందన్నమాట. యూనియన్ అప్పుడే పెట్టాల్సింది."

నేను పక్కకు తిరిగాను. ఆ గుళ్ళో, ఆ రోజు, నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఆయన గూడ నౌకరి చేసేటోడే" అని బాపు అన్నది వాడెన్నడూ వినలేదు. అయినా మాట వాడి దగ్గరికి చేరింది. ఆ రాత్రి సిరొంచలో ఇంటికి వచ్చాక వాడే అడిగాడు, "నాన్నా, తాత చూసిన ఆ సినిమా మొదటి నుంచి పెట్టు" అని. మధ్యమధ్య ఆపి, ఎవరు ఎవరో నేను చెబుతుంటే, తెల్లవారుజాము రెండింటి దాకా చూశాం.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నాగపూర్‌లో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా ఈ మూడు నెలల్లో ఒక్క పని చేయండి. 'యమగోల', 'యముడికి మొగుడు', 'యమలీల', తర్వాత 'యమదొంగ', ఈ వరుసలోనే పిల్లలతో కూర్చుని చూడండి. వరుస తప్పితే నిల్వ తేలదు. పిల్లలు "ఈయన మళ్ళీ వచ్చాడే!" అన్నప్పుడు సినిమా ఆపి, ఆయనెవరో, మీరు మొదట ఎవరి పక్కన కూర్చుని చూశారో చెప్పండి. బదులుగా వాళ్ళ గండమ్ కూడా నాలుగు భాగాలు చూడండి. నేను చూస్తున్నాను, పరవాలేదు.

చెప్పానుగా, తిరిగి తిరిగి అక్కడికే వచ్చాను. తల్లులు క్షమించాలి. వచ్చే సంచికలో కలుద్దాం.