తేడా ఎక్కడుంది?

ఈ శీర్షికలో నేను రాసేవి వడ్డీ లెక్కలు, నామినేషను ఫారాలు, పెన్షను కాగితాలు. ఈసారి విషయం కరెంటుది, పాఠకులు మన్నించాలి. నేను బి.కాం. చదివినవాణ్ణి. ఓమ్ సూత్రాన్ని పదో తరగతితోనే వదిలేశాను. అయినా రాస్తున్నానంటే, మన ఇళ్లలో ఈ తగువు ఇప్పుడు మామూలైపోయింది. పిల్లవాడు చిన్న నీలం బోర్డొకటి కొనమంటాడు. నెల తిరక్కుండా అది చచ్చిపోతుంది. ఇంకోటి కొనమంటాడు. తండ్రి గయ్యిమంటాడు.

ఆ బోర్డు పేరు ఆర్డ్యుయినో. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో, డిజైను చదువుకునే విద్యార్థుల కోసం దీన్ని తయారుచేశారు. తయారుచేసినవాళ్లు సాయంత్రాలు చేరే బారు పేరే దీనికి పెట్టారు. ఆ బారుకేమో వెయ్యేళ్లనాటి ఒక రాజు పేరు! మా తరం బ్యాంకువాళ్లకు తెలిసిన ఓలివెట్టి టైపురైటర్ల కంపెనీ పుట్టిందీ ఆ ఊళ్లోనే. బోర్డు మీద ఇరవై ఎనిమిది కాళ్లతో నల్లగా ఉండేదే మైక్రోకంట్రోలర్ చిప్పు. మనం రాసిచ్చిన ఆజ్ఞలను తు.చ. తప్పకుండా పాటిస్తుంది. మన దేశంలో 2016 నుంచి బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలయ్యాక ఇది పల్లెటూళ్లకూ చేరింది.

పాత్రపూర్‌లో మా చెల్లెలి ఇంటికీ అలాగే చేరింది. ఇచ్ఛాపురం అవతలుంటే మనం ఇవతల. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా మేనల్లుడు ఈ విద్య నేర్చుకున్నది మాత్రం హిందీ వీడియోల్లో. మేడమీద ట్యాంకు నిండగానే బోరు మోటారు దానంతటదే ఆగిపోయేలా అమర్చాడు. ట్యాంకులో తీగలు నీటిమట్టాన్ని చెబుతాయి. బోర్డు ఒక రిలేకి ఆజ్ఞ ఇస్తుంది. రిలే మోటారును ఆపుతుంది. రిలేకి 12 వోల్టుల అడాప్టరు, బోర్డుకి 5 వోల్టుల మొబైల్ చార్జరు. రెండు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఒకనాటి తెల్లవారుజామున ట్యాంకు పొంగి నీళ్లు వంటింట్లోకి వచ్చాయి. చూస్తే బోర్డు మీద లైటు లేదు.

"బోర్డు కాలిపోయింది మావయ్యా, కొత్తది తెప్పించాలి" అన్నాడు వాడు. మా బావకు డబ్బు కన్నా భయం ఎక్కువ. "230 వోల్టుల మోటారుతో ఆటలేమిటి? ప్లస్ టూ పరీక్షలు పెట్టుకుని! అన్నీ పీకి పారెయ్" అన్నాడు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

ఆ పూట మోటారు చూడ్డానికి వచ్చిన మేస్త్రీ అక్కడే ఉన్నాడు. కాలిన మోటార్లకు తీగ చుట్టడం ఆయన పని. చిప్పుల సంగతి ఆయనకు తెలియదు. ముందు మోటారు లైను కట్టేశాడు. రెండు అడాప్టర్లూ గోడ నుంచి పీకించాడు. తర్వాత నాతో అన్నాడు: "ఏటి కాలిందో తెలకుండా కొత్తది ఎడితే, అదీ కాల్తాది బాబూ."

ముప్ఫై ఏళ్లు బ్యాంకులో ఉన్నవాడికి ఈ మాట కొత్త కాదు. ట్రయల్ బ్యాలెన్సు కలవకపోతే పుస్తకం మార్చేయం కదా! తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూస్తాం. లేదంటే లెడ్జరును సగం చేసి ఏ సగంలో ఉందో వెతుకుతాం. వీళ్లు చేసిందీ అదే.

కరెంటు లేకుండానే మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టారు. మేస్త్రీ ముందు మీటరు రెండు మొనలనూ ఒకదానికొకటి ఆనించి చూపించాడు. తీగలకే అర ఓము ఉంది, అది తీసేసి లెక్క చూసుకోవాలి. తర్వాత బోర్డు మీద 5 వోల్టులు అని రాసినచోట ఒక మొన, గ్రౌండు దగ్గర ఇంకొకటి. బాగున్న బోర్డులో ఇక్కడ సాధారణంగా వందల్లోనో వేలల్లోనో ఓములు రావాలి. వచ్చింది మూడు. అంటే వచ్చిన కరెంటు పనిచేయకుండా నేరుగా గ్రౌండుకు పోతోంది. యూఎస్‌బీ దారిలో ఉండే చిన్న ఫ్యూజు వేడెక్కి కరెంటును తగ్గించేస్తోంది. చల్లారితే మళ్లీ దానంతటదే బాగుపడే రకం అది. లైటు వెలగకపోవడం దాని చలవే. కాపలావాడు తన పని తాను చేశాడు, దొంగ వేరే ఉన్నాడు.

ఊనో రకం బోర్డులో పెద్ద చిప్పు సాకెట్టులో కూర్చుంటే ఒక సౌకర్యం ఉంది. సన్నటి స్క్రూడ్రైవరుతో రెండు కొసలా కొంచెం కొంచెంగా లేపితే ఊడి వస్తుంది. ఊడదీసి మళ్లీ కొలిచారు. మూడు ఓములు కాస్తా వేలల్లోకి వెళ్లాయి. దొంగ చిప్పులోనే ఉన్నాడన్నమాట. చిప్పు లేకుండానే బోర్డును చార్జరుకు తగిలిస్తే ఆకుపచ్చ లైటు వెలిగింది. 5 వోల్టుల దగ్గర 5, 3.3 దగ్గర 3.3 సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ల్యాప్‌టాప్‌కు పెట్టారు. సున్నా, ఒకటి నంబర్ల పిన్నులను తీగతో కలిపి, తెర మీద ఏదో టైపు చేస్తే అదే తిరిగొచ్చింది. అంటే ల్యాప్‌టాప్‌తో మాట్లాడే చిన్న చిప్పు బతికే ఉంది. (షార్టు ఉన్న బోర్డును నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించకపోవడం మంచిదైంది.)

వాడు అప్పటికే కొత్త చిప్పుకి ఫోన్లో ఆర్డరు పెట్టబోతున్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. చచ్చింది సరే, చంపిందెవరు?

రెండు గంటలు పట్టింది. భూతద్దం పెట్టి వైర్లన్నీ వరసగా చూశారు. రిలే దగ్గర 12 వోల్టుల తీగను స్క్రూ కింద బిగించిన చోట, వెంట్రుకంత రాగిపోగు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని పక్కనే బోర్డు నుంచి వచ్చే తీగ కొస. మోటారు ఆడినప్పుడల్లా ఆ పెట్టె అదురుతుంది. అదిరి అదిరి ఒకనాడు రెండూ తగిలాయి. 5 వోల్టులతో నడిచే ఆ చిప్పుకు 6 దాటితేనే ముప్పు. దాని కాలిలోకి 12 పోయాయి.

కొత్త చిప్పు ఖరీదు బోర్డు ఖరీదులో సగం కూడా కాలేదు. మామూలు చిప్పు కొంటే యూఎస్‌బీ ద్వారా ప్రోగ్రాము ఎక్కదు, బూట్‌లోడరు ముందే ఎక్కించింది కొనాలి. ఒక కొసన ఉండే గంటు సాకెట్టు గంటుతో కలిసేలా పెట్టాలి. అది వచ్చేలోగా వాడు తీగ కొసలన్నిటికీ సీసం పోశాడు. 12 వోల్టుల తీగల్ని వేరే పెట్టెలోకి మార్చి, దాని దారిలో ఒక ఫ్యూజు పెట్టాడు. మోటారు తీగలు కలపడం మేస్త్రీ పని అని వాళ్లమ్మ దగ్గర ఒప్పుకున్నాడు.

చిప్పు వచ్చింది. బోర్డు మీది చిన్న లైటు వెలిగి ఆరుతోంది. ట్యాంకు తీగలు మాత్రం వాడింకా కలపలేదు. నాన్న పక్కన నిలబడి చూస్తేనే కలుపుతానంటున్నాడు. మా బావ ఆదివారం చూద్దామన్నాడు.